రాజుకంటే ముందు వడ్డన

మా ఇంట్లో ఆ జబ్బుకు మూడు పేర్లుండేవి. మా అత్త తంగమ్మాళ్ దాన్ని రాచపుండు అనేది. మా పూర్వులు ఉత్తరం నుంచి వస్తూ మూటలో కట్టుకొచ్చిన మాటల్లో అదొకటి. ఆమె ఆడపడుచు సెల్లత్తాయి పుత్తు అనేది. కోవిల్‌పట్టి బజారులో అందరూ అనే అరవ మాట అది. పుత్తు అంటే పుట్ట, పాము ఉండే పుట్టే. మా ఆయన సీనివాసన్ క్యాన్సర్ అనేవారు. ఆయన మద్రాసులో రసాయనశాస్త్రం చదివి వచ్చి, ఊళ్ళో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల మందు కలిపే విభాగం చూసుకునేవారు. ఎవరికి తెలిసిన పేరును బట్టి వారు వైద్యం చేశారు. అత్తకు ఉన్నది మాత్రం ఒక్కటే గడ్డ.

గడ్డ సంగతి ఆమె శివరాత్రి వచ్చే మాసి నెలలో, పెరట్లో మిరపకాయలు ఆరబోస్తూ చెప్పింది.

“ఏమే పట్టూ, రొమ్ములో ఏందో ఉండాది. రేక్కాయంత.”

“ఎప్పటినుంచి అత్తా?”

“పత్తి తీసేటప్పుడు కందిగింజంత ఉండె.”

“అప్పుడే సెప్పేదానికేమి?”

“అప్పుడు పత్తి తీసేదానికే కూలాళ్ళు దొరకలే. దీన్ని ఎవురు సూస్తారు?” అని మిరపకాయలు తిరగేసింది.

మర్నాడే ఆమెను రైలెక్కించి విరుదునగర్ తీసుకెళ్ళాం. అక్కడ రామచంద్రన్ అనే సర్జను ఉన్నాడు. విరుదునగర్‌లో రైలు దిగిన కొత్తవాళ్ళందరూ ముందు తుమ్ముతారు. ఊరంతా మిరపకాయల గోదాములు. డాక్టరు ఆస్పత్రి సరిగ్గా వాటి వెనక వీధిలో ఉంది. లోపల ఎవరైనా తుమ్మితే వాళ్ళు బయటి ఊరివాళ్ళని నర్సులు చూడకుండానే చెప్పేవారు. అత్త మిరప పండించే మనిషే అయినా తుమ్మింది. తన మిరపకాయ వేరని, ఇది సాత్తూరు రకమని చెప్పింది.

డాక్టరు తెరవెనక ఆమెను పరీక్షించి బయటికి వచ్చి, చేతులు కడుక్కుంటూ అరవంలో చెప్పిన మాటలు ఇవి: “గడ్డ మంచిది కాదు. కానీ వేళ్ళకింద ఇంకా కదులుతోంది. అంటే లోపలి కండకు అతుక్కోలేదు. కదిలినంతవరకే కోసి తీసేయగలను. అయితే ఈమె రక్తం పలచగా ఉంది. ఇలాంటి మనిషికి మత్తు ఇస్తే లేస్తుందని నేను చెప్పలేను. ఒక నెల బాగా తినిపించండి, బలం రాగానే తీసుకురండి. ఆలస్యం మాత్రం చేయకండి.”

తిరుగు రైల్లో అత్త కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది. సాత్తూరు దాటాక అంది:

“సీనీ, కత్తి వొద్దురా.”

ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే ఆలోచిస్తున్నారని మా అత్తకు, నాకు కూడా తెలుసు. ఆమెకు అది ధైర్యం. నాకు కాదు.

ఆయన మద్రాసు నుంచి ఇంగ్లీషు సైన్సు వారపత్రిక తెప్పించుకునేవారు. పాత సంచికలు అటక మీద ఉండేవి. ఆ రాత్రి భోజనానికి ముందే అవన్నీ కిందికి దిగాయి, బొద్దింకలతో సహా. భోజనం అయ్యేసరికి ఆయన ముఖం వెలుగుతోంది.

“అమ్మా, జర్మనీలో ఒక శాస్త్రజ్ఞుడు ఈ గడ్డల గుట్టు కనిపెట్టినాడు. మన ఒంట్లో మంచి కండ ఏం జేస్తాది? చక్కెరను గాలితో కాలుస్తాది. శుభ్రంగా కాలిపోతాది. గడ్డ అట్ల కాల్చదు. పక్కనే గాలి ఉన్నా పులియబెడతాది.”

“దోసెపిండి మాదిరా?” అంది అత్త.

“అవునమ్మా, అదే మాదిరి.”

“మూత తీసి పెట్టేస్తే?”

“మూత తీసినా పులుస్తాది. అదే కదా వింత! ఆయన కనిపెట్టినదే అది.”

“పిండి పులిసిందా లేదా అని సూసేదానికి ఒక మగవాడు జర్మనీలో కూసోనుండాడా?” అని అత్త నావైపు తిరిగింది. “పెండ్లాం పుట్టింటికి పోయిందేమో, పాపం.”

ఆయన నవ్వలేదు. పులియబెట్టడంలో శక్తి బహు తక్కువ పుడుతుందనీ, అందుకే గడ్డకు మామూలు కండకంటే ఎన్నోరెట్లు చక్కెర కావాలనీ చెప్పారు. ఆ మాట నాకు సులభంగానే అర్థమైంది. పచ్చికట్టెల పొయ్యి అంతే. పొగ ఎక్కువ, మంట తక్కువ, కట్టెలు మాత్రం రెండింతలు మింగుతుంది.

“కాబట్టి,” అన్నారు ఆయన, “చక్కెర నిలిపేస్తే గడ్డ మాడి చస్తాది. కత్తి అక్కరలేదు.”

“డాక్టరు తినిపించమని సెప్పినాడు కదా,” అన్నాను.

“ఆయన కత్తి డాక్టరు. ఇది కెమిస్ట్రీ.”

అత్త వెంటనే ఒప్పుకుంది. ఆమెకు ఉపవాసాలు కొత్త కాదు. శనివారం ఒక దేవుడికి, కృత్తికకు ఒకరికి, వాన రాకపోతే అందరికీ కలిపి ఉండేది. కత్తి ఒక్కటే కొత్త.

మర్నాడు పొద్దున్నే మా ఇంట్లోంచి కరుపట్టి బెల్లం బయటికి పోయింది. అత్త కాఫీ తీపి లేకుండా తాగి, కషాయమైతే కషాయమని చెప్పి ఇవ్వొచ్చు కదా అంది. వేరుశనగ ఉండలు పోయాయి. తర్వాత ఆయన ఫ్యాక్టరీ నుంచి ఒక నీలిరంగు ద్రావకం తెచ్చారు. ఏ వస్తువునైనా దానిలో వేసి కాస్తే, చక్కెర ఉన్నప్పుడు ఇటుక రంగుకు మారుతుంది. నా చారుగిన్నె ఒకటి దానికే పోయింది. మా వంటింట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే వరసగా ఆ గిన్నెలోకి దిగాయి. పాలు ఓడిపోయాయి. ఉల్లిపాయ ఓడిపోయింది. పచ్చిమిరపకాయ కూడా ఓడిపోయింది. సజ్జ సంకటి మొదట నెగ్గింది కానీ, ఆయన దాన్ని కాసేపు నమిలి ఉమ్మి మళ్ళీ కాస్తే అదీ ఎర్రబడింది. సాయంత్రానికి నెగ్గినవి ఉప్పు, ఆకుకూర, కోడిగుడ్డు, ఆముదం.

ఆముదంతో వంట నాకు రాదు. ఆకుకూర ఉడికించి, ఉప్పువేసి, గుడ్డుతో పెట్టేదాన్ని. నిలవడానికి గుడ్డు ఒక్కటే ఆధారం. ఆ గుడ్లు కూడా నిలవలేదు. దానికి కారణం సెల్లత్తాయి.

వదినకు పుత్తు జబ్బని కబురు తెలియగానే ఏళాయిరంపన్నై నుంచి ఆమె గుడ్డలమూటతో దిగింది. మా ఆయనకు ఆమె మేనత్త. నేను చిన్నత్త అని పిలిచేదాన్ని. వచ్చిన వెంటనే కాళ్ళు కూడా కడుక్కోకుండా పెరటి గోడవతల ఉన్న పుట్టను చూసి వచ్చింది.

“సీనీ, అంత సదువు సదివినావు. పుత్తు అంటే ఏమిరా?”

“క్యాన్సరత్తా.”

“క్యాన్సరో నక్కరో! పుత్తు అంటే పుట్ట! పేరులోనే ఉండాది. ఎప్పుడో మన పొలంలో ఎవుడో పుట్ట తవ్వినాడు. నాగమ్మకు కోపమొచ్చి వదినె గుండెమీద వచ్చి కూసునుండాది. దానికి పాలుపోసి, గుడ్డు పెట్టి, అమ్మా తల్లీ దిగిపో అని అడిగితే దిగిపోతాది.”

మంగళవారం, శుక్రవారం పుట్టకు పాలు పోసేది. పాలల్లో కరుపట్టి కూడా కరిగించేది. ఇంట్లో కోళ్ళు పెట్టిన గుడ్లన్నీ పుట్ట కంతలోకి వెళ్ళిపోయేవి. ఆయన ఒకసారి అడ్డం వెళ్ళారు.

“అత్తా, అది చక్కెర! ఈ ఇంట్లో చక్కెర ఉండకూడదు.”

“ఇంట్లో ఎక్కడ ఉండాది? పుట్టలో ఉండాది. నీ అమ్మ తాగితే కదా నీకు నొప్పి?”

ఆయన కొంతసేపు ఆలోచించి పక్కకు తప్పుకున్నారు. పుట్టలో చక్కెర పోస్తే మనిషి గడ్డ పెరుగుతుందని ఏ పత్రికా రాయలేదు. అలా ఒకే ఇంట్లో ఒక పుట్టను మాడుస్తున్నారు, ఒక పుట్టను మేపుతున్నారు. రెండూ ఒకే జబ్బుకు మందు. మధ్యలో మా అత్త ఆకుకూర తింటోంది.

పంగుణి నెల ఎండలు ముదిరాయి. అత్త నడుముకు చెక్కుకునే తాళాలగుత్తి జారి కిందపడడం మొదలైంది. మొదట అందరం దాన్ని ఎత్తి ఇచ్చేవాళ్ళం. తర్వాత ఆమె దాన్ని మెడలో వేసుకుంది. దవడలు లోపలికి పోయాయి. వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చేలోపు స్తంభం దగ్గర ఒకసారి ఆగేది. ఎందుకు ఆగావని అడిగితే స్తంభానికి చెద పట్టిందేమో చూస్తున్నానని చెప్పేది. గడ్డ మాత్రం చిక్కలేదు.

“పెరిగినట్టుంది,” అన్నాను మా ఆయనతో.

“పెరగలే. చుట్టూ కండ తగ్గింది కదా, అందుకని అట్ల కనబడతాది. కణ్మాయి చెరువులో నీళ్ళెండితే బండ పెద్దగా కనబడదా?”

“చెరువు ఎండేదాకా ఆగి బండను కొలుస్తారా?”

ఆయన కోపంగా చూశారు. ఆ కోపం నామీద కాదని నాకు తెలుసు. కత్తి లేకుండా తల్లిని బతికించాలని ఆయన పట్టుదల. అటకమీది పత్రికలన్నీ మళ్ళీ చదివారు. వాటిలో గడ్డ చక్కెర తింటుందని ఉంది, ఎలా పులియబెడుతుందో ఉంది. మనిషి తినడం మానేస్తే ఏమవుతుందో లేదు. లేనిదాన్ని ఆయన తన ఆశతో నింపుకున్నారు.

శుక్రవారం అత్తకు తలంటుపోస్తున్నాను. నూనె పట్టిస్తూ, ఆమెను అడగకుండానే గడ్డ మీద వేళ్ళు పెట్టాను. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అది చింతగింజను నున్నటి బండమీద తోసినట్టు జారేది. ఇప్పుడు ఉసిరికాయంత అయింది. కదిలింది కానీ, కాస్త ఆలోచించి కదిలింది.

నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. కదిలినంతవరకే.

“అత్తా, దీన్ని రాచపుండు అని ఎందుకంటారు?”

“రాజు మాదిరి కదే. వచ్చి కూసుంటే లేవడు. మనది తింటాడు. మనల్నే ఆడిస్తాడు.”

“కరువొస్తే?”

“కరువా?” అని ఆమె కళ్ళు తెరిచింది. నూనె కళ్ళలో పడితే మళ్ళీ మూసుకుంది. “దాతు కరువు సంగతి మా అమ్మ సెప్పేది. అప్పుడు నేను పుట్టలే. జనం పుట్టలు తవ్వినారంట, చీమలు దాసుకున్న గింజలకు. అదీ లేక తుమ్మకాయలు, కలబంద గడ్డలు తినినారంట. సగం ఊరు పోయిందంట.”

“జమీను అరమనలో, రాజుగారి ఇంట్లో?”

“అక్కడేమి! పొయ్యి ఒక పూట ఆరలేదంట. పన్నుకు వచ్చేవోళ్ళు వస్తానే ఉండిరంట. ఇంట్లో గింజ లేకపోతే ఎద్దును తోలుకునిపోయిరి. ఎద్దు లేకపోతే గుమ్మం తలుపు పీక్కునిపోయిరి.”

“ఊరు చిక్కితే రాజు చిక్కినాడా అత్తా?”

నేను సీకాయ రుద్దాను. నీళ్ళు పోశాను. చెంబు చెంబుకూ ఆమె భుజం ఎముకలు నా చేతికి తగిలాయి. చివరి చెంబు పోశాక ముఖం తుడుచుకుని అడిగింది:

“ఏమే, నా తలుపుదాకా వచ్చినాడా వాడు?”

“వచ్చినాడత్తా.”

“సంకటి ఉండాదా ఇంట్లో?”

ఉంది. నేను తినడానికి చేసుకున్నది. ఆమె తడితలతోనే పొయ్యి దగ్గర కూర్చుంది. సంకటి ముద్దలో గుంట చేసి పులుసు పోశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తీయగా ఉందంది. సీనీ చెప్పింది నిజమే, నమిలితే చక్కెరే అంది. రెండో ముద్ద తీసుకుంది.

మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి, గడపలోనే ఆగిపోయారు. మా ఇంట్లో మగవాళ్ళ విస్తరి లేచాకే ఆడవాళ్ళ విస్తరి పడేది. ఆయన రాకముందు ఆమె తినడం ఒక తప్పు, తినడమే ఇంకొక తప్పు. ఏ తప్పు ముందు ఎత్తుకోవాలో ఆయనకు తెలియలేదు.

“అమ్మా, అది చక్కెర!”

“అవునురా. రాజుకు పెడతాండా.”

“ఏ రాజు?”

“లోపల కూసోనుండాడే, వాడు. నేను పెట్టకపోతే వాడు పస్తుంటాడా? నా తలుపులు పీక్కుంటాడు. ఇదో సూడు, దవడ పీక్కునినాడు, తొడ పీక్కునినాడు.”

“అమ్మా, జర్మనీలో...”

“జర్మనీలో రాజులు లేరేమో. నాకు తెలుసు రాజు సంగతి.”

ఆయన నావైపు చూశారు. “నువ్వేమైనా సెప్పినావా?”

“తలంటు పోసినాను,” అన్నాను. “రేపు విరుదునగర్ పోదాం. కెమిస్ట్రీ ఆ డాక్టరుకు కూడా తెలిసే ఉంటాది. ఆయన్నే అడగండి.”

డాక్టరు రామచంద్రన్ మర్నాడు అత్తను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఆమెను తూకం మీద నిలబెట్టి, దించి, తెరవెనక పరీక్షించి వచ్చి కూర్చున్నాడు. నేను తినిపించమంటే మీరేం చేశారని అడిగాడు. మా ఆయన జరిగింది జరిగినట్టు చెప్పారు. పత్రిక కూడా చూపించారు. నీలి ద్రావకం గురించి, నమిలిన సంకటి గురించి కూడా దాచలేదు. ఆయనలో నాకు నచ్చే గుణం అది.

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“ఇది నేనూ చదివాను,” అన్నాడు. “అందులో రాసింది నిజం. మీరు చేసింది తప్పు. గడ్డ చక్కెరను పులియబెట్టి, ఆ పులుపును రక్తంలోకి పారబోస్తుంది. కాలేయం ఆ పులుపును ఏరి తెచ్చి మళ్ళీ చక్కెర చేస్తుంది. ఆ పొయ్యికి కట్టెలు మీ అమ్మవి. తయారైన చక్కెరను గడ్డ మళ్ళీ తింటుంది. బయటినుంచి తిండి రాకపోతే ఒళ్ళు తన కండనే కరిగించి చక్కెర చేసుకుంటుంది. రక్తంలో చక్కెర నిండుకుంటే మెదడు ఆగిపోతుంది కాబట్టి నిండుకోనివ్వదు. మీరు గడ్డకు పథ్యం పెట్టాననుకున్నారు. పథ్యం ఉన్నది మీ అమ్మ. గడ్డ మీ అమ్మను తింటూ కూర్చుంది.”

“అయితే ఆ శాస్త్రజ్ఞుడు కనిపెట్టినదానితో ప్రయోజనం లేదా?” అన్నారు మా ఆయన.

“ఎందుకు లేదు? దొంగ ఏ దారిన వస్తాడో ఆయన చూశాడు. ఆ దారిలోనే పట్టుకునే మందు ఎవరైనా చేస్తారు. మీ మనవళ్ళ కాలానికి రావచ్చు. మీరేమో దొంగ వస్తాడని ఇంట్లో గాదెకు నిప్పు పెట్టారు. ప్రస్తుతానికి నా దగ్గర కత్తి ఉంది. గడ్డ ఇంకా కదులుతోంది, కానీ ఎక్కువ రోజులు కదలదు. ఈమెకు కాస్త కండ పట్టించి తీసుకురండి. ఈసారి కూడా ఇలాగే తెస్తే నేను ముట్టుకోను.”

అత్త తెరవెనకనుంచి అడిగింది: “డాక్టరేమంటాండాడు?”

“రాజు సంగతి నువ్వు సెప్పిందే సెప్పినాడత్తా,” అన్నాను.

“అరవంలో సెప్పినాడా?”

“అరవంలోనే.”

“అయితే సరి. కత్తి పెట్టమను. ముందు కూడు పెట్టండి.”

కూడు పెట్టడం అనుకున్నంత సులభం కాలేదు. ఎండిన పొట్ట తిండి మరిచిపోయింది. అందరికీ వడ్డించి, ఆ వాసనలన్నీ పీల్చి, చివర కూర్చునేసరికి ఆమెకు చాలనిపించేది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేది. మూడోరోజు నేను పొద్దున్నే పొయ్యిమీదనుంచి సంకటి దించగానే, ఇంకెవరూ కూర్చోకముందే ఆమెకు విస్తరి వేశాను. అప్పుడు సెల్లత్తాయి కంటపడింది.

“ఏంది వదినె! మగవాడు వాకిట్లో ఉండంగా నువ్వు ముందు కూసుంటావా?”

“మగవాడికంటే ముందు రాజు కూసోనుండాడు,” అంది అత్త. “వాడికంటే ముందు నేను కూసోవాల. వొడ్డించవే.”

అప్పట్నుంచి అదే వరస. ఆమె తిన్నాక మా ఆయన, తర్వాత సెల్లత్తాయి, నేను. ఆయన ఒక్కమాట అనలేదు. ఒక ఆదివారం బస్సులో శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళి పాల్కోవా తెచ్చి, తల్లి ముందు పెట్టి, దాన్ని పరీక్షించకుండా నిలబడ్డారు. అది ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. నీలి ద్రావకం సీసాను తనే ఫ్యాక్టరీకి తీసుకెళ్ళిపోయారు. చారుగిన్నె మాత్రం మళ్ళీ చారుకు పనికిరాలేదు.

గుడ్ల సంగతి తేలలేదు. అత్తకు గుడ్లు కావాలి, పుట్టకూ గుడ్లు కావాలి. నేను సెల్లత్తాయితో వాదించి గెలవలేనని తెలుసు. అందుకని అడిగాను:

“చిన్నత్తా, నీ వదినె తినలేకుండా ఉండినప్పుడు పాము తినింది కదా. ఇప్పుడు వదినె తినేదానికి పాము పత్తెం ఉండకూడదా?”

ఆమె పుట్టవైపు చూస్తూ కొంచెంసేపు లెక్క వేసుకుంది.

“ఉంటాది,” అంది. “నాగమ్మకు మాత్రం ఒక్కపొద్దు తెలీదా? ఆడదే కదా.”

ఆ రోజునుంచి పథ్యం పుట్టకు మారింది. పాలూ గుడ్లూ ఇంట్లోకి వచ్చాయి. సెల్లత్తాయి మంగళవారం, శుక్రవారం ఖాళీ చేతులతో పుట్ట దగ్గరికి వెళ్ళి, ఓపికపట్టమని చెప్పి వచ్చేది.

తాళాలగుత్తి అత్త మెడలోంచి మళ్ళీ నడుముకు దిగిన రోజున బయలుదేరాం. డాక్టరు ఆమెను తూచి, గడ్డను కదిలించి చూసి, మర్నాడు పొద్దున అన్నాడు. లోపలికి తీసుకెళ్ళేముందు అత్త తాళాలగుత్తి నాకిచ్చింది.

“నేను లేవకపోతే ఇది నీది,” అంది. తర్వాత ఆలోచించి, “లేస్తే తిరిగి ఇయ్యాల,” అంది.

మేం బయట బల్లమీద కూర్చున్నాం. మా ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్లలు బయటపోసి, తలలన్నీ ఒకవైపుకు సర్ది మళ్ళీ పెట్టెలో పెట్టారు. అవి ముందే ఒకవైపుకు ఉన్నాయి. సెల్లత్తాయి కళ్ళుమూసుకుని నాగమ్మతో మాట్లాడుతోంది. ఆ రోజు పొద్దున వీధిలో బళ్ళమీద మిరపబస్తాలు దింపుతున్నారు. మేము వరసగా తుమ్ముతున్నాం.

తలుపు తెరుచుకుంది. గడ్డ అంతా వచ్చిందని, లోపలి కండను ముట్టలేదని, చంకలో చిన్న బిళ్ళలు కూడా తీశానని డాక్టరు చెప్పాడు. మళ్ళీ రాదని మాట ఇవ్వనన్నాడు. అప్పుడప్పుడు తీసుకొచ్చి చూపించమన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డారు. నాలుగు మంచి మాటలు చెబుతారనుకున్నాను.

“దానిలో ఒక చిన్న ముక్క నాకిస్తారా?” అన్నారు.

డాక్టరు ఆయన్ని కాసేపు చూసి ఇచ్చాడు. పక్కనున్న మామూలు కండ ముక్క కూడా ఇచ్చాడు. పోలిక లేకుండా పరీక్ష ఏమిటన్నాడు. ఇద్దరూ కలిసి ఉప్పు, చక్కెర కలిపిన వెచ్చటి నీళ్ళు రెండు గ్లాసుల్లో పోసి, పులుపును కనిపెట్టే నీలిరంగు వేసి, ఒకదానిలో గడ్డ ముక్క, రెండోదానిలో మామూలు ముక్క వేశారు. మూతలు పెట్టలేదు. మా ఆయన వాటిముందే కూర్చున్నారు. సాయంత్రానికి గడ్డ ఉన్న గ్లాసు ఎర్రబడింది. రెండోది నీలంగానే ఉంది.

మత్తు పూర్తిగా దిగాక అత్త వాటిని చూపించమంది. నర్సు వద్దంది. అత్త ఊరుకోలేదు. మా ఆయన రెండు గ్లాసులూ పళ్ళెంలో పెట్టుకుని, కాఫీ తెచ్చినట్టు తెచ్చారు.

“ఇదా రాజు?” అంది అత్త, ఎర్ర గ్లాసును చూస్తూ. “ఇంతేనా?”

“ఒంట్లోంచి తీసినా పులియబెడతానే ఉండాడమ్మా, సూడు. మూత కూడా లేదు.”

“పక్కన ఉండేదెవురు?”

“నీ మామూలు కండ.”

“అది గమ్మున ఉండాది,” అని తృప్తిగా చూసింది. తర్వాత కొడుకు ముఖం చూసింది. “నువ్వు సదివింది నిజమేరా సీనీ. పులిసింది. అది మటుకు నిజం.”

ఆయన గ్లాసులు కింద పెట్టి, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. అప్పుడే అత్తకు తుమ్ము వచ్చింది. కుట్లమీద చెయ్యి పెట్టుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగపట్టి దాన్ని ఆపింది. అక్కడున్నన్నాళ్ళూ మా ఆయన కిటికీలకు తడిగుడ్డలు కడుతూ, అవి ఆరకుండా నీళ్ళు చల్లుతూ గడిపారు.

కోవిల్‌పట్టికి తిరిగొచ్చాక తాళాలగుత్తి తిరిగి ఇచ్చేశాను. సెల్లత్తాయి ఏళాయిరంపన్నైకి వెళ్ళేముందు పుట్టకు బాకీపడిన గుడ్లన్నీ ఒకేసారి పెట్టి వెళ్ళింది. జబ్బు తగ్గించింది నాగమ్మేనని ఇప్పటికీ ఆ ఊళ్ళో చెబుతుంది. మా ఆయన చదువుకున్న వాళ్ళు కనిపిస్తే రెండు గ్లాసుల సంగతి చెబుతారు. అత్తను మేము అప్పుడప్పుడు విరుదునగర్ తీసుకెళతాం. ఆమె తుమ్మి, చూపించుకుని, తుమ్మి వస్తుంది. ఇంతవరకు ఏమీ లేదన్నాడు డాక్టరు.

గాయం మానింది, ఒళ్ళు కుదుటపడింది, పత్తి కాలం మళ్ళీ వచ్చింది. అయినా పొయ్యిమీదనుంచి గిన్నె దించగానే అత్త వచ్చి కూర్చుంటుంది. మొదటి విస్తరి ఆమెదే. నిన్న మా ఆయన ఫ్యాక్టరీ నుంచి పెందలాడే వచ్చి, కాళ్ళు కడుక్కుని, వాకిట్లో నిలబడ్డారు. అత్త రెండోసారి పులుసు పోయించుకుంటోంది.

“అత్తా, ఆయనకు ఆకలిగా ఉన్నట్టుంది,” అన్నాను నెమ్మదిగా.

ఆమె కొడుకువైపు చూసింది, ముద్ద మింగింది.

“ఉండనీ. వాడి లోపల ఎవురూ కూసోలేదు కదా,” అంది. “నువ్వేమి నిలబడుకోనుండావు? ఇంకొక విస్తరాకు తెచ్చుకో.”